ఆటలమ్మ, అక్కి – టీకాకు పనికివచ్చే ప్రోటీను ఏది?

పిల్లవాడికి ఒళ్ళంతా నీటిపొక్కులు లేస్తే మన ఇళ్ళల్లో ఆటలమ్మ పోసిందంటారు. పక్కమీద వేపరెమ్మలు వేస్తారు. నడివయసు దాటినవారికి నడుముకో, ఛాతీకో ఒక పక్కన మాత్రమే మంటతో పట్టీలాగా పొక్కులు వస్తే అది అక్కి. జాజుతో అక్కి రాయిస్తారు. పేర్లు వేరు, ఆచారాలు వేరు. కారణం మాత్రం ఒక్కటే. అదే వారిసెల్లా-జోస్టర్ వైరస్.

ఈ వైరస్‌కు టీకా తయారుచేయడంలో శాస్త్రజ్ఞులు ఎదుర్కొన్న ప్రశ్న సూక్ష్మజీవశాస్త్రం చదివే మనందరికీ మంచి పాఠమని నా అభిప్రాయం. రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లేనా? ఇదీ ఆ ప్రశ్న.

దాగి ఉన్న శత్రువు

ఆటలమ్మ తగ్గిపోయినా వైరస్ శరీరాన్ని వదిలిపోదు. వెన్నుపాము పక్కనున్న నాడీసంధుల్లో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉంటుంది. ఇంగ్లండులో సైరెన్సెస్టర్ అనే ఊళ్ళో వైద్యం చేసిన హోప్-సింప్సన్, 16 సంవత్సరాలపాటు తన రోగులను గమనించి, 1965లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. శరీరంలోని నిరోధక శక్తి ఒక మట్టం కంటే తగ్గినప్పుడు నిద్రాణ వైరస్ మేల్కొని, నాడి వెంట చర్మానికి చేరి అక్కి అవుతుందని దాని సారాంశం. ఒక నాడి పరిధిలోనే పొక్కులు రావడానికి కారణం ఇదే.

అయితే తగ్గేది ఏ శక్తి? వృద్ధుల రక్తం పరీక్షిస్తే ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు బాగానే కనిపిస్తాయి. అయినా వారికే అక్కి ఎక్కువ. వయసుతోపాటు తగ్గుతున్నవి వైరస్‌ను గుర్తుపట్టే టి-కణాలు. ఇంకో సాక్ష్యం చూడండి. పుట్టుకతోనే ప్రతిరక్షకాలు తయారుకాని పిల్లలు ఆటలమ్మ నుంచి సాధారణంగానే కోలుకుంటారు. టి-కణాల లోపం ఉన్న పిల్లలకు అదే ఆటలమ్మ ప్రాణాంతకం కావచ్చు. ఈ వైరస్ చాలావరకు ఒక కణం నుంచి పక్క కణానికే పాకుతుంది. రక్తంలో తిరిగే ప్రతిరక్షకానికి అది సులభంగా చిక్కదు. వైరస్ సోకిన కణాన్ని పసిగట్టగలిగేది టి-కణమే.

ఏ ప్రోటీను?

జపానులో మిచియాకి తకహాషి 1974లో బలహీనపరచిన వైరస్‌తో ఆటలమ్మ టీకా సాధించాడు. అదే జాతి వైరస్‌ను ఎక్కువ మోతాదులో ఇచ్చి అక్కిని ఆపగలమా అని అమెరికాలో 60 ఏళ్ళు దాటిన 38,546 మందిపై పరీక్షించారు. 2005లో వెలువడిన ఫలితం: అక్కి 51.3 శాతం తగ్గింది. 70 దాటినవారిలో ఫలితం ఇంకా తక్కువ. పైగా ఇది సజీవ టీకా కనుక నిరోధక శక్తి బాగా క్షీణించినవారికి ఇవ్వరాదు. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అందని మందన్నమాట!

అందుచేత వైరస్ మొత్తం కాకుండా, దానిలోని ఒక్క ప్రోటీనుతో పని జరుగుతుందా అని చూశారు. ఈ వైరస్‌కు సుమారు 70 జన్యువులు ఉన్నాయి. గ్లైకోప్రోటీన్-బి, గ్లైకోప్రోటీన్-హెచ్‌లు వైరస్ కణంలోకి చొరబడటానికి కావలసినవి. ఐఇ-62, ఐఇ-63 అనే నియంత్రక ప్రోటీనులను కూడా టి-కణాలు గుర్తిస్తాయి. చివరికి ఎన్నిక గ్లైకోప్రోటీన్-ఇ మీద పడింది. వైరస్ సోకిన కణం ఉపరితలంపై అన్నిటికంటె సమృద్ధిగా ఉండేది ఇదే. ఇది లేకుండా వైరస్ వృద్ధి చెందలేదు. ప్రతిరక్షకాలు, టి-కణాలు రెండూ దీన్ని గుర్తిస్తాయి.

కాని ఒంటరి ప్రోటీను వృద్ధుని టి-కణాలను గట్టిగా కదిలించలేదు. దానికి ఒక ఉత్తేజకం తోడు కావాలి. ఇందులో రెండు పదార్థాలున్నాయి. ఒకటి, సాల్మొనెల్లా బాక్టీరియా పైపొర నుంచి తీసి విషగుణం తగ్గించిన కొవ్వు పదార్థం. రెండవది, చిలీ దేశపు క్విలాజా చెట్టు బెరడులోని సపోనిన్. మన కుంకుడుకాయ నురగకు కారణమైన పదార్థాలూ సపోనిన్లే. ఈ రెండింటితో కలిపి 50 మైక్రోగ్రాముల ప్రోటీనును రెండు మోతాదులుగా ఇచ్చారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన 15,411 మందిలో రక్షణ 97.2 శాతం. 70 దాటినవారిలోనూ అది 90 శాతం దరిదాపుల్లోనే నిలిచింది. షింగ్రిక్స్ అనే పేరుతో 2017లో అమెరికాలోనూ, 2023లో మన దేశంలోనూ ఇది విడుదలయింది. సజీవ వైరస్ లేదు కనుక నిరోధక శక్తి తగ్గినవారికీ ఇవ్వవచ్చు. ఇది అక్కి కోసమే. ఆటలమ్మ నివారణకు సజీవ టీకాయే వాడాలి.

మనం గ్రహించవలసినది

ఉష్ణదేశాల్లో ఆటలమ్మ యుక్తవయసులో రావడం కూడా ఎక్కువే. హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెద్దవారికి వస్తే ఇది చిన్నపిల్లల జబ్బంత తేలిక కాదు. అక్కి పొక్కుల రసి తగిలితే, అంతకుముందు ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ రావచ్చు. ఇంట్లో పెద్దలకు అక్కి కనిపిస్తే జాజు కోసం వెతుకుతూ కూర్చోక, 72 గంటల లోపల వైద్యునికి చూపించి మందు మొదలుపెట్టించడం మేలు. ఆలస్యమైతే పొక్కులు మానిన తర్వాత కూడా నెలల తరబడి నరాల నొప్పి బాధించవచ్చు.

ఇక శాస్త్ర విద్యార్థులకు ఒక మాట. పరీక్షనాళికలో ప్రతిరక్షకాన్ని కొలవడం తేలిక, టి-కణాన్ని కొలవడం కష్టం. తేలికగా కొలవగలిగిందే ముఖ్యమైనదని అనుకోకపోవడం, ఈ ఒక్క వైరస్ మనకు నేర్పే పెద్ద పాఠం.