ఆరని రంగులు

పాఠ్యభాగ సందర్భం: సాహిత్యం చదివే విద్యార్థికి సోదర కళల పరిచయం కూడ అవసరం. మానవరూపాన్ని తైలవర్ణాలలో చిత్రించే కళాకారుడు ప్రదర్శనకు సిద్ధమయ్యే కాలంలో తన చిత్రశాలలో ఏ విధంగా శ్రమిస్తాడు, ఏ చిక్కులను ఎదుర్కొంటాడు అన్నది ఈ వ్యాసంలోని విషయం. రాజమహేంద్రవరానికి చెందిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) జీవితం దీనికి ముఖ్యాధారం.

కాళిదాసు రచించిన మాళవికాగ్నిమిత్ర నాటకంలో కథకు బీజం ఒక చిత్రశాలలో పడుతుంది. రాణి ధారిణి అక్కడ కొత్తగా వేసిన చిత్రాన్ని చూస్తూ నిలబడి ఉంటుంది. ఆ చిత్రంలోని రంగులు ఇంకా కొత్తదనం వీడలేదని కవి ప్రత్యేకించి చెప్పాడు. సరిగ్గా ఆ సమయానికే రాజు అక్కడికి వచ్చి, చిత్రంలోని మాళవికను చూసి ఆమె ఎవరని అడుగుతాడు. రెండవ అంకంలో మాళవికను ప్రత్యక్షంగా చూసిన తరువాత ఆయన అభిప్రాయం మారుతుంది. చిత్రం ఆమె అందాన్ని అందుకోలేకపోయిందని, దానిని వేసినవాని సమాధి శిథిలమైందని తలుస్తాడు. సమాధి అంటే ఇక్కడ ఏకాగ్రత. కుంచె పట్టినవాని దృష్టి ఒక్క క్షణం సడలినా రూపం దారి తప్పుతుందని భావం. ఆరని రంగు, వచ్చి చూసే కన్నులు, సడలరాని ఏకాగ్రత అనే ఈ మూడింటి నడుమనే చిత్రకారుని దినచర్య నేటికీ నడుస్తున్నది.

మానవరూపాన్ని మలచడం పల్నాటి సీమకు కొత్త కాదు. మాచర్ల నుండి విజయపురి సౌత్ చేరి అక్కడ లాంచీ ఎక్కితే, సాగర్ జలాశయం నడుమ ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండను చేరుకుంటాం. అక్కడి మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకుల కాలంలో చెక్కిన ఫలకాలున్నాయి. ఒక్కొక్క ఫలకంలో ఎందరో మనుషులు కిక్కిరిసి ఉంటారు. అయినా ఒకరి భంగిమ మరొకరికి రాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిదే అయిన అమరావతిలో వెలసిన శిల్పం దీనికి పూర్వరూపం. ఈ రెండు చోట్లా శిల్పులు వాడినది మన ప్రాంతపు సున్నపురాయే. మాచర్ల నాపరాళ్ళపై నడుస్తూ పెరిగిన విద్యార్థి ఈ మాట విని కొంత గర్వించినా తప్పు లేదు.

రాతిలో ఒక ఉలిదెబ్బ తప్పితే దిద్దుబాటు ఉండదు. అందువల్ల శిల్పి ముందే అంతా నిర్ణయించుకొని పనికి దిగుతాడు. తైలవర్ణంలో పని చేసేవాని కష్టం దీనికి విపరీతమైనది. ఎన్నిసార్లైనా దిద్దవచ్చు గనుక ఎక్కడ ఆపాలో అతనికి తెలియదు. ఈ తేడాకు కారణం రంగును కలిపే ద్రవంలో ఉంది.

జలవర్ణంలో రంగుపొడిని పట్టి ఉంచేది బంక. నీరు ఆవిరి కాగానే రంగు ఆరుతుంది. వేసవిలో రెంటచింతల ఎండకు జలవర్ణంతో పని చేసేవారు కుంచెను కాగితం మీదకు తెచ్చేలోపే సగం తడి హరిస్తుంది. తైలవర్ణంలో రంగుపొడిని అవిసెనూనెతో నూరుతారు. నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. ఎండాకాలంలో కొంత త్వరపడినా, దానికి తన గడువు తనకుంది. పలుచని పొర చేతికి అంటకుండా ఉండడానికి కొన్ని రోజులు, మందమైన పొరకు వారాలు పడుతుంది. లోపలి వరకు గట్టిపడడానికి నెలలు కావాలి. రంగు రంగుకూ ఇందులో భేదం ఉన్నది. అంబర్ అనే గోధుమ మట్టిరంగులో మాంగనీసు ఉండడం వల్ల అది త్వరగా ఆరుతుంది. ఎముకల బొగ్గుతో చేసిన నలుపు చాలా ఆలస్యం చేస్తుంది.

ఈ ఆలస్యమే మానవరూప చిత్రకారునికి వరం. చెక్కిలిపై వెలుగు నీడగా మారే చోట గీత ఉండదు. ఒక రంగు మరొక రంగులో కరిగిపోవాలి. రంగు తడిగా ఉన్నంత కాలం ఆ రెండింటినీ కుంచెతో కలుపుతూ ఉండవచ్చు. మన దేశంలో రాజా రవివర్మ (1848–1906) తైలవర్ణాలతో చేసిన పురాణస్త్రీల చిత్రాలు ఇంటింటికీ చేరడానికి అచ్చుయంత్రం ఎంత కారణమో, దేహపు మెత్తదనాన్ని చూపగల ఈ మాధ్యమం కూడ అంతే కారణమని నా అభిప్రాయం.

దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్‌డ్రే స్వయంగా చిత్రకారుడు, కవి. తరువాత నవలాకారుడుగా ప్రసిద్ధికెక్కిన అడివి బాపిరాజు, రామారావు ఇద్దరూ ఆయన చేరదీసిన శిష్యులే. కూల్‌డ్రే ప్రోత్సాహంతో 1916లో రామారావు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి 1920లో చదువు ముగించారు. ఆ కాలానికి అక్కడికి అధిపతిగా వచ్చిన గ్లాడ్‌స్టన్ సోలమన్, సజీవమైన మనిషిని ఎదుట నిలుపుకొని దేహనిర్మాణాన్ని అభ్యసించే తరగతిని ప్రవేశపెట్టారు. ప్లాస్టర్ బొమ్మలను చూసి గీయడానికి, ఊపిరి తీసే మనిషిని చూసి గీయడానికి ఎంతో భేదం ఉన్నది. బొమ్మ అలసిపోదు. మనిషి పావుగంట నిలబడేసరికి బరువు ఒక కాలి నుండి మరొక కాలికి మారుతుంది. దానితో నడుము, భుజాలు, మెడ అన్నీ మారుతాయి.

చదువు ముగిసిన తరువాత బొంబాయిలో స్థిరపడక ఆయన సొంత ఊరికి తిరిగి వచ్చారు. 1923 నాటికి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను నెలకొల్పి విద్యార్థులకు శిక్షణ ప్రారంభించారు. అప్పట్లో కలకత్తా కేంద్రంగా వంగచిత్రకళ, బొంబాయి కేంద్రంగా పాశ్చాత్య పద్ధతి ప్రబలంగా ఉండేవి. రామారావు రెండింటినీ చూసినవారు. తెలుగువారి ఒడ్డూ పొడవూ, కట్టూ బొట్టూ, గోదావరి ఒడ్డు వెలుతురు గల చిత్రాలు తెలుగునాట పుట్టాలన్నది ఆయన తపన. జలవర్ణాలలోనూ తైలవర్ణాలలోనూ ఆయన పని చేశారు. సంఖ్యలో జలవర్ణ చిత్రాలే ఎక్కువ. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రలేఖనం అభ్యసించడం ఆ ఇంటి విశేషం.

ఇక చిత్రశాల విషయం. తైలవర్ణ చిత్రకారులు సాధారణంగా ఉత్తరం వైపు కిటికీ గల గదిని కోరుకుంటారు. ఉత్తరపు వెలుగులో ఎండ నేరుగా పడదు. ఉదయం వేసిన నీడ మధ్యాహ్నానికి కూడ ఇంచుమించు అక్కడే ఉంటుంది. గదిలో టర్పెంటైన్ వాసన ఎప్పుడూ నిలిచి ఉంటుంది. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేయకూడదు. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డలు తమంతట తామే అంటుకుంటాయి. చిత్రశాలలు ఈ విధంగా తగలబడడం కట్టుకథ కాదు.

పని గుడ్డతో మొదలవుతుంది. కొయ్య చట్రానికి కాన్వాసును బిగించి మేకులు కొట్టి, నూనె నేరుగా తగిలి నారను తినివేయకుండా ముందు జిగురు పూసి, దానిపై తెల్లపూత వేసి ఆరనిస్తారు. చిన్న కాగితంపై వేసుకున్న నమూనాను గళ్ళు గీసి కాన్వాసు మీదకు పెంచుతారు. బొగ్గుకడ్డీతో ఆకారాలను నిలుపుతారు. ఎదుట నిలిచిన మనిషి విశ్రాంతికి వెళ్ళి వచ్చాక మళ్ళీ అదే చోట నిలబడడానికి పాదాల చుట్టూ నేలపై సుద్దముక్కతో గీత గీస్తారు. తరువాత టర్పెంటైన్ కలిపిన పలుచని రంగుతో వెలుగునీడలను మాత్రమే పరుస్తారు. పైపొరలకు పోయినకొద్దీ నూనె పాలు పెంచాలి. ఈ నియమాన్ని మీరి, నూనె ఎక్కువైన పొర మీద నూనె తక్కువైన పొరను వేస్తే, పైది ముందు ఆరి, కిందిది ఇంకా కదులుతూ ఉండడం వల్ల చిత్రం బీటలు వారుతుంది. ఆ బీటలు ప్రదర్శన నాడు కనిపించవు. కొన్ని సంవత్సరాల తరువాత కొన్నవారి ఇంటి గోడ మీద కనిపిస్తాయి. ప్రదర్శన తేదీకి తొందరపడిన చిత్రకారుని గుట్టు ఆ విధంగా బయటపడుతుంది.

వారం రోజులు ఒకే ముఖాన్ని చూసిన కంటికి అందులోని తప్పు కనబడదు. అందుకు రెండు ఉపాయాలున్నాయి. చిత్రాన్ని అద్దంలో చూడడం ఒకటి. కుడిఎడమలు మారగానే వంకరపోయిన దవడ వెంటనే తెలిసిపోతుంది. చిత్రాన్ని కొన్నాళ్ళు గోడవైపు తిప్పి ఉంచి, మరచిపోయి, మళ్ళీ చూడడం రెండవది. ఈ రెండవ దానికి కాలం కావాలి. ప్రదర్శన దగ్గరపడినవానికి లేనిదే అది.

ప్రదర్శనకు నెలల ముందే పెద్ద తైలవర్ణ చిత్రాలు పూర్తి కావలసి ఉంటుంది. మెరుపునూ రక్షణనూ ఇచ్చే చివరి వార్నిష్‌ను ఆరు నెలలైనా గడవనిదే పూయకూడదని పెద్దలు చెప్పే మాట. అంత వ్యవధి లేనివారు తాత్కాలికంగా పలుచని పూతతో సరిపెడతారు. చివరి వారాలలో కుంచె కన్న సుత్తి, కొలబద్ద ఎక్కువగా చేతిలో ఉంటాయి. చట్రాలు కట్టించాలి, పేర్లు పెట్టాలి, ధరలు నిర్ణయించాలి. దూరప్రాంతానికి పంపే పెద్ద కాన్వాసును చుట్టవలసి వస్తే రంగు ఉన్న ముఖం బయటికి ఉండేటట్లు లావుపాటి గొట్టానికి చుట్టాలి. లోపలికి చుడితే, తిరిగి విప్పినప్పుడు రంగు పగులుతుంది. ముంబయిలో 1952లో ప్రారంభమైన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వంటి చోట్ల ప్రదర్శనకు అవకాశం కోసం చిత్రకారులు సంవత్సరాల తరబడి వేచి ఉంటారు. దక్కేది మాత్రం ఒక వారం. ఆ వారం కోసం ఎన్నుకొనే పాతిక చిత్రాల వెనుక, ఎన్నిక కానివి గదిలో బారులు తీరి ఉంటాయి. తన పనిలో తానే కొన్నింటిని పక్కకు నెట్టడం చిత్రం వేయడం కన్న కష్టమైన పని అని నేను భావిస్తాను. కవులకు కూడ ఇది తెలుసు. కాని కవి కొట్టివేసిన పద్యం గదిలో చోటు ఆక్రమించదు.

రామారావు తమ చిత్రాలలో ఒకదానికి ఋష్యశృంగుని కథను ఎన్నుకున్నారు. ఆ కథను ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో తెలుగు చేసిన నన్నయ ఆ రాజమహేంద్రవరంలోనే కావ్యరచన చేశాడు. సుమారు తొమ్మిది శతాబ్దాల తరువాత అదే ఊరి చిత్రకారుడు దానిని మళ్ళీ చేపట్టాడు. విభాండకుని కుమారుడైన ఋష్యశృంగుడు అడవిలో తండ్రిని తప్ప మరొక మనిషిని చూడక పెరిగినవాడు. అంగరాజ్యంలో కరవు తీరాలంటే అతడు రావాలి. అతనిని రప్పించడానికి వారకాంతలు ఆశ్రమానికి వెళతారు. వచ్చినవారు స్త్రీలన్న సంగతి కూడ అతనికి తెలియదు. ఎవరో కొత్త మునికుమారులని తండ్రికి వర్ణించి చెబుతాడు. కవికి ఇక్కడ సౌకర్యం ఉంది. ముందు చూపును, తరువాత ఆశ్చర్యాన్ని, ఆపైన కలవరాన్ని వరుసగా పద్యాలలో నడుపుతాడు. చిత్రకారునికి ఒక్క క్షణమే లభిస్తుంది. ఆ ముఖంలో కోరిక కనిపిస్తే కథ చెడుతుంది. ఏమీ కనిపించకపోతే చిత్రం చెడుతుంది. కామసూత్ర వ్యాఖ్యాత యశోధరుడు చెప్పిన చిత్ర షడంగాలలో రూపభేదం, ప్రమాణం అభ్యాసంతో వస్తాయి. భావం, లావణ్యయోజనం అనేవి ఇటువంటి ముఖం ఎదురైనప్పుడే పరీక్షకు నిలుస్తాయి.

1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఆ చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. రామారావు వేసిన గోదావరి దృశ్యచిత్రాన్ని నాటి వైస్రాయి లార్డ్ రీడింగ్ కొన్నారు. 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు కూడ ఆయన చిత్రాలు వెళ్ళాయి. పాతికేళ్ళు దాటిన యువకునికి ఇది చిన్న గౌరవం కాదు. అయితే బహుమతి పొందిన చిత్రాన్ని, అమ్ముడుపోయిన చిత్రాన్ని వేసినవాడు మళ్ళీ చూడలేకపోవచ్చు. కావ్యాన్ని ఎందరు కొన్నా కవి దగ్గర ఒక ప్రతి ఉంటుంది. తైలవర్ణ చిత్రానికి రెండవ ప్రతి లేదు. ప్రదర్శన ముగిసిన మరునాడు చిత్రశాలలో మిగిలేది ఖాళీ గోడ, కొద్దిపాటి ధనం, మరల చట్రానికి గుడ్డ బిగించవలసిన పని.

రామారావుకు ఆ పని చేసే వ్యవధి చాలలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచి వ్యాధితో ఆయన మరణించారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. బొంబాయి చదువు ముగిసిన తరువాత ఆయనకు దక్కినవి ఐదు సంవత్సరాలు మాత్రమే. ఆ మరుసటి సంవత్సరం, 1926లో, నాగార్జునకొండ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. తెలుగుగడ్డ మీది మానవరూపాన్ని అంతగా వెదకిన చిత్రకారుడు ఆ ఫలకాలను చూడలేదు.

చిత్రకళాశాల బాధ్యతను ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం తలకెత్తుకున్నారు. రామారావు పేరుతో రాజమహేంద్రవరంలో ఏర్పడిన చిత్రశాలలో ఆయన తైలవర్ణ, జలవర్ణ చిత్రాలు భద్రపరచబడి ఉన్నాయి. వాటితో పాటు స్కెచ్ పుస్తకాలూ ఉన్నాయి. ప్రదర్శనకు పంపాలని ఆయన ఎన్నడూ తలచనివి అవి. ఆయన చేతి అభ్యాసం ఎటువంటిదో తెలుసుకోదలచినవారు ముందుగా చూడవలసినవి ఆ స్కెచ్ పుస్తకాలే.

అభ్యాసం

1. ప్రదర్శన తేదీకి, తైలవర్ణం ఆరే గడువుకు మధ్య చిత్రకారుడు ఎదుర్కొనే చిక్కులను వివరించండి.

2. ఋష్యశృంగుని కథను చెప్పడంలో కవికి, చిత్రకారునికి గల భేదాన్ని తెలపండి.

3. “కాని కవి కొట్టివేసిన పద్యం గదిలో చోటు ఆక్రమించదు.” – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

4. నాగార్జునకొండ మ్యూజియంలో గాని, మీ ఊరి గుడిలో గాని ఒక మానవరూప శిల్పాన్ని పరిశీలించి, దేహపు బరువు ఏ కాలిపై ఉన్నదో, దానివల్ల భుజాలు, మెడ ఎట్లా మారాయో పది పంక్తులలో రాయండి.