‘రెండు రోజుల్లో అయిపోతుంది’ అనే ముందు

గేమ్ స్టూడియోలో ఉద్యోగమంటే రోజంతా ఆడుకుంటూ జీతం తీసుకోవడమే అని ఇంట్లోవాళ్లు, చుట్టాలు అనుకుంటే పోనీలే అనుకోవచ్చు. కొత్తగా చేరేవాళ్లు కూడా సగం అదే ఊహతో వస్తారు. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఒక మొబైల్ గేమ్ టీమ్‌లో ప్రోగ్రామర్ రోజు చూడండి. పొద్దున్నే రాత్రి బిల్డ్ ఎందుకు ఫెయిలయిందో వెతకడం, స్టాండప్, క్యూఏ వాళ్లు వేసిన జిరా టికెట్లు, ఒక బటన్ ఎక్కడ ఉండాలన్న దానిమీద డిజైనర్‌తో ముప్పావుగంట వాదన, సాయంత్రం విదేశీ పబ్లిషర్‌తో కాల్. వీటి మధ్య ఖాళీ దొరికితే కొత్త కోడ్. ఆడటం కూడా ఉంటుంది, కాదనను. ఒకే లెవెల్‌లో మొదటి నలభై సెకన్లు, నిన్నటి క్రాష్ మళ్లీ వస్తుందేమోనని, పదేపదే.

ఇదంతా అలవాటవుతుంది. అలవాటు కాకుండా మనిషిని అరగదీసేది ఒకటుంది: తప్పుడు అంచనా. మన కంప్యూటర్‌లో ఆడిన ఫీచర్‌ని అయిపోయిన పని కింద లెక్కేసుకోవడం. నేను చూసిన అర్ధరాత్రి కూర్చోవడాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఒక కేసు తీసుకుందాం. ప్రొడ్యూసర్ మీ సీటు దగ్గరికి వచ్చి, "బ్రో, రోజూ గేమ్ ఓపెన్ చేస్తే కాయిన్స్ ఇచ్చే పాపప్ కావాలి. ఏడు రోజుల క్యాలెండర్. ఎంత టైమ్ పడుతుంది?" అని అడుగుతాడు. మీరు మనసులో స్క్రీన్ గీసుకుంటారు. ఏడు డబ్బాలు, ఒక క్లెయిమ్ బటన్. "రెండు రోజులు" అంటారు. అది అబద్ధమేం కాదు. రెండో రోజు సాయంత్రానికి యూనిటీ ఎడిటర్‌లో అది చక్కగా ఆడుతుంది, డెమో చూసి అందరూ బాగుందంటారు.

మూడో రోజు క్యూఏ అమ్మాయి ఫోన్‌లో తేదీ ఒక రోజు ముందుకు జరుపుతుంది. రెండో రోజు కాయిన్స్ వచ్చేస్తాయి. ఇంకో రోజు జరుపుతుంది, మళ్లీ వస్తాయి. అయిదు నిమిషాల్లో వారం కాయిన్స్ ఆమె చేతిలో ఉంటాయి. టైమ్ ఫోన్ నుంచి కాకుండా సర్వర్ నుంచి తీసుకోవాలన్నమాట. సరే, సర్వర్‌లో రోజు ఎప్పుడు మారుతుంది? యూటీసీ లెక్కన అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజామున 5:30. రాత్రి 12 దాటాక ఆశగా గేమ్ తెరిచిన ఆటగాడికి నిన్నటి డబ్బానే కనిపిస్తుంది. నెట్ లేనప్పుడు ఏం చూపించాలి? క్లెయిమ్ నొక్కిన క్షణంలో ఫోన్‌కాల్ వచ్చి గేమ్ వెనక్కి వెళ్లి, మెమరీ చాలక ఆండ్రాయిడ్ దాన్ని చంపేస్తే కాయిన్స్ పడినట్టా, పడనట్టా? నాలుగో రోజు రానివాడు మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలా, అయిదుకి వెళ్లాలా? దీన్ని డిజైనర్ ఇంకా తేల్చలేదు, మీరూ అడగలేదు. పాత వెర్షన్ ఆడుతున్నవాళ్ల సేవ్ ఫైల్‌లో ఈ కొత్త డేటాకి చోటే లేదు. అనలిటిక్స్ ఈవెంట్లు, అనువదించాల్సిన వాక్యాలు, యాడ్ చూస్తే రెట్టింపు ఇచ్చే బటన్ వీటి వెనకాలే వస్తాయి.

ఇదంతా కలిపితే ఏడెనిమిది రోజుల పని. మీరు చెప్పింది రెండు. మిగతా రోజులు మీ రాత్రుల్లోంచి, శనివారాల్లోంచి వెళ్తాయి. మీరు ఆలస్యం చేశారన్న పేరు పైకట్నం.

కాబట్టి సీటు దగ్గర నిలబడి అడిగినవాళ్లకి అక్కడికక్కడ అంకె చెప్పకండి. "సాయంత్రంలోగా టికెట్‌లో రాస్తానండీ" అనండి. అరగంట కూర్చుని పైన చెప్పినలాంటి ప్రశ్నలు రాసుకోండి. తర్వాత రెండు అంకెలు ఇవ్వండి: డెమో చూపించడానికి ఎంత, ఆటగాడి చేతికి ఇవ్వడానికి ఎంత. కింద ఏం తీసేస్తే ఎంత తగ్గుతుందో కూడా రాయండి. యాడ్ బటన్ తర్వాతి అప్‌డేట్‌కి పెడితే ఒక రోజు, నెట్ లేకపోతే పాపప్ అసలు చూపించకూడదనుకుంటే మరో రోజు. ప్రొడ్యూసర్‌కి కావాల్సింది ఇదే. అతని మీదా పైనుంచి ఒత్తిడి ఉంటుంది. తగ్గించుకునే దారి చూపిస్తే మాట్లాడతాడు. ఊరికే రెండుని మూడుతో గుణించి ఆరు అని చెప్పేవాళ్లున్నారు. రెండుసార్లు అయ్యాక ప్రొడ్యూసర్ కూడా మీ అంకెని సగం చేసుకోవడం నేర్చుకుంటాడు, ఇక ఆ బేరానికి అంతుండదు. లిస్టు చూపిస్తే సగం చేయడం కష్టం. నోటిమాట మూడు వారాల తర్వాత ఎవరికీ గుర్తుండదు, టికెట్‌లో ఉన్నది ఉంటుంది.

అంచనా తప్పే రెండో చోటు ఆటగాడి ఫోన్. సెకనుకి 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి మీ దగ్గర ఉండేది సుమారు 16.6 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే 33. ఆఫీసులో మీ ముందున్న మెషిన్‌లో ఈ లెక్క ఎప్పుడూ ఇబ్బంది పెట్టదు. రెండు మూడు జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో పెడుతుంది. అదీ మొదటి అయిదు నిమిషాల్లో కాదు. పావుగంట ఆడాక ఫోన్ వేడెక్కుతుంది, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటిదాకా నున్నగా నడిచిన గేమ్ గంతులేస్తుంది. అందుకే టెస్టింగ్ అంటే ఇన్‌స్టాల్ చేసి మెనూ చూసి వదిలేయడం కాదు. ఆ పాత ఫోన్‌ని చార్జింగ్‌లో పెట్టి, అరగంట ఆడించి, అప్పుడు ప్రొఫైలర్ చూడండి. ఫీచర్ మొదలుపెట్టిన వారంలోనే ఈ పని చేయండి, చివరి వారానికి ఉంచకండి. గూగుల్ ప్లే కూడా దీన్ని లెక్కగడుతుంది. ఆటగాడికి కనిపించే క్రాష్‌లు రోజువారీ యూజర్లలో 1.09 శాతం దాటినా, గేమ్ స్పందించకుండా బిగుసుకుపోవడం, అంటే ఏఎన్‌ఆర్, 0.47 శాతం దాటినా స్టోర్‌లో మీ గేమ్ కనిపించడమే తగ్గొచ్చు. మార్కెటింగ్ వాళ్లు పెట్టిన ఖర్చంతా అక్కడ బూడిదలో పోసిన పన్నీరు.

తెలుగు వెర్షన్ చేయమన్నప్పుడు మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. స్ట్రింగ్స్ ఎక్సెల్‌లో వచ్చేశాయి, ఫాంట్ మార్చితే చాలని మేనేజర్ అనుకుంటాడు. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్‌ప్రోకి మన ఒత్తులు కూర్చడం రాదు. ‘లక్ష్మి’ అన్న పేరు పొల్లులతో, అక్షరానికి అక్షరం విడిపోయి ‘లక్‌ష్‌మి’ అని తెర మీదికొస్తుంది. తెలుగు చదవలేని టెస్టర్‌కి అది సరిగ్గానే కనిపిస్తుంది, అదీ ప్రమాదం. గోడో 4 ఇంజిన్‌లో ఈ బాధ లేదు, లిపి కూర్పు అందులోనే ఉంది. టెక్స్ట్‌మెష్‌ప్రోతో అయితే ప్లగిన్ కొనడమో, అక్షరాలని బొమ్మలుగా పెట్టుకోవడమో చేయాలి. దేనికైనా రోజులు పడతాయి. పైగా తెలుగు వాక్యం ఇంగ్లిష్ కోసం గీసిన బటన్‌లో ఇమడదు. భాషలు కలపడం చివర్లో చేసే చిల్లర పని అనుకునే టీమ్‌లో మొదటిరోజే ఈ మాట చెప్పండి.

ఇవి చిన్న టీమ్‌ల కష్టాలే అనుకోనక్కర్లేదు. పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్లు సైబర్‌పంక్ 2077ని 2012లో ప్రకటించారు. 2020లో ఏప్రిల్ అన్నారు, సెప్టెంబర్ అన్నారు, నవంబర్ అన్నారు, చివరికి డిసెంబర్ 10న వదిలారు. ఖరీదైన పీసీలో బాగానే ఆడింది. ఎక్కువమంది ఇళ్లలో ఉన్న పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీద ఆడలేని స్థితిలో ఉంది. వారం దాటేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది, తిరిగి పెట్టడానికి 2021 జూన్ దాకా పట్టింది. పాత కన్సోళ్ల మీద ఆటని నడిపించే పనిని తక్కువ అంచనా వేశామని కంపెనీ పెద్దలే తర్వాత వీడియో పెట్టి ఒప్పుకున్నారు. అదనపు గంటల క్రంచ్ మాత్రం అక్కడ దండిగా జరిగింది. మనుషుల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టినంత మాత్రాన తప్పిన లెక్క సరికాదు.

క్రంచ్ ఎలాగూ వస్తుంది. మీరెంత జాగ్రత్తగా అంచనా వేసినా పక్కవాడి లెక్క తప్పొచ్చు, పబ్లిషర్ తేదీ ముందుకు జరపొచ్చు. వచ్చినప్పుడు రాత్రి పదకొండు తర్వాత సేవ్, పేమెంట్, లాగిన్ కోడ్ ముట్టుకోకండి. ఆ గంటలో ఒక బగ్ తీసి రెండు పెట్టే అవకాశం ఎక్కువ, ఆ మూడు రకాల కోడూ ఆటగాడి డబ్బుతోనో అతని ప్రోగ్రెస్‌తోనో ముడిపడినవి. అప్పుడు చేయదగినవి వేరే ఉన్నాయి: యూఐ సర్దుబాట్లు, బగ్ ఎలా వస్తుందో అడుగులు రాసిపెట్టడం, లాగ్‌లు చదవడం. శని ఆదివారాలు ఆఫీసుకి రావాల్సి వస్తే కాంప్‌ఆఫ్ (బదులు సెలవు) సంగతి ముందే మెయిల్‌లో అడగండి. రిలీజ్ అయ్యాక అడిగితే ‘చూద్దాం’ అంటారు, చూడరు.

శుక్రవారం సాయంత్రం రిలీజ్‌కి వీలైనంత వరకు ఒప్పుకోకండి. ప్లే స్టోర్‌లో అప్‌డేట్‌ని మొదట కొద్ది శాతం మందికి వదిలి, క్రాష్ గ్రాఫ్ చూసి పెంచుకోవచ్చు. తేడా వస్తే ఆపొచ్చు కూడా. కానీ అప్పటికే ఇన్‌స్టాల్ అయిన వెర్షన్‌ని వెనక్కి తీసుకోలేరు, పెద్ద నంబర్‌తో కొత్తది పంపాల్సిందే. ఆ కొత్తది శనివారం ఎవరు చేస్తారో మీకు తెలుసు.

ఇక ఉద్యోగం మారడం గురించి. మన ఊళ్లో ఆఫర్లలో ఒకప్పుడు జీతం బాగా ఎక్కువిచ్చినవి డబ్బు పెట్టి ఆడే రమ్మీ, ఫ్యాంటసీ కంపెనీలవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు ఆటల మీద నిషేధం పెట్టినా దేశంలో మిగతా చోట్ల వ్యాపారం నడిచింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి వాటిని దేశమంతా నిషేధించడంతో పెద్ద పెద్ద కంపెనీలు రోజుల్లోనే ఆటలు ఆపేశాయి, వెంటనే లేఆఫ్‌లు మొదలయ్యాయి. అక్కడ పనిచేసిన ప్రోగ్రామర్ల తప్పేమీ లేదు. అందుకే ఇంటర్వ్యూ చివర్లో "మీ ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నప్పుడు కంపెనీకి ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో అడగండి. యాడ్‌లా, గేమ్‌లో కొనుగోళ్లా, విదేశీ స్టూడియో ఇచ్చే అవుట్‌సోర్సింగ్ పనా? అవుట్‌సోర్సింగ్ అయితే ప్రాజెక్ట్ ఎన్నాళ్లుంది, అది అయ్యాక టీమ్ ఏమవుతుంది? పేరున్న కంపెనీ అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, మరుసటి నెల సోనీ ప్లేస్టేషన్ 900 మందిని తీసేశాయి.

ఆ రోజు మీకు వస్తే చేతిలో చూపించుకోవడానికి ఏముంటుంది? రెండేళ్లు చేసిన గేమ్ మధ్యలో ఆగిపోతే, ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) కింద దాని స్క్రీన్‌షాట్ కూడా పెట్టకూడదు. అలా ఆగిపోయిన ప్రాజెక్టులు ఈ రంగంలో మామూలే. అందుకే చాలామంది ఇంట్లో సొంతంగా ఒక చిన్న గేమ్ చేసుకుంటారు. మంచిదే, చిన్నదే చేయండి. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడన్న మాట అందరికీ గుర్తుంటుంది. దానికి నాలుగేళ్లకు పైగా పట్టిందన్నది, ఎక్కువ భాగం అదే పనిగా కూర్చున్నాడన్నది మరిచిపోతారు. ఉద్యోగం చేస్తూ రాత్రి ఒక గంట దొరికేవాళ్లు మూడు లెవెళ్ల పజిల్ గేమ్‌ని స్టోర్‌లోకి ఎక్కించగలిగితే, ఇంటర్వ్యూలో దాని విలువ సగంలో ఆగిన ఓపెన్ వరల్డ్ కన్నా ఎక్కువ. ఎక్కించే దారిలో ప్రైవసీ పాలసీ, ఏజ్ రేటింగ్, ఐకాన్‌లు, కంటి ముందు పడే మొదటి వన్ స్టార్ రివ్యూ, అన్నీ తెలిసొస్తాయి. స్టీమ్‌లో పెట్టాలంటే గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, 1,000 డాలర్ల అమ్మకం దాటితేనే అది వెనక్కి వస్తుంది.

ఒక్కటి చూసుకోండి. చాలా ఆఫర్ లెటర్లతో వచ్చే అగ్రిమెంట్‌లో, ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అంతా కంపెనీదేనన్న క్లాజ్ ఉంటుంది. కొన్నిట్లో ఆఫీసు టైమ్ తర్వాత, సొంత లాప్‌టాప్‌లో చేసింది కూడా దాని కిందికే వస్తుంది. సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, అప్పటికే మీరు మొదలుపెట్టిన గేమ్‌ల పేర్లు మినహాయింపుల కింద రాయించుకోండి. చేరాక మొదలుపెట్టేదయితే స్టోర్‌లో పెట్టేముందు మేనేజర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు లైసెన్స్, ఆఫీసు రిపాజిటరీలోని ఒక్క స్క్రిప్ట్ కూడా అందులో కలవనీయకండి. ఆ అనుమతి మెయిల్‌ని మీ సొంత ఐడీకి సీసీ పెట్టించుకోండి. ఉద్యోగం పోయిన రోజు మధ్యాహ్నానికే ఆఫీసు ఇన్‌బాక్స్ తెరుచుకోదు.