చేతికి గాయమైనపుడు

పుదుచ్చేరి పట్టణమునందలి వైతికుప్పము సముద్రతీరమున నున్న జాలరుల పేట. వల లాగుట, గాలము విడదీయుట, చేపలు కోయుట, పడవమోటారు నడుపుట మున్నగు పనులన్నియు చేతిపైననే ఆధారపడియున్నవి. అయినను వ్రేలు తెగినపుడు పసుపో కాఫీపొడియో అద్ది, గుడ్డపీలిక చుట్టి ఊరకుండువారు ఎల్లెడల కలరు. చిన్న గాయమే కదా యని వారి తలంపు. చేతి విషయమున ఈ తలంపు మిగుల హానికరము.

"నరము తెగినది" అని మనము వాడుకగా అందుము. ఈ ఒక్క మాటతో మూడు వేర్వేరు వస్తువులను పిలుచుచున్నాము. వ్రేలిని వంచు త్రాడువంటిది స్నాయువు. స్పర్శను తెలుపునది నాడి. నెత్తురు పారునది రక్తనాళము. అరచేతిలో ఇవి చర్మమునకు కొద్ది లోతుననే ప్రక్కప్రక్కన ఉండును. అర అంగుళపు కోత మూడింటిని తెంపగలదు. పైచర్మమును మాత్రమే కుట్టినచో గాయము మానును గాని వ్రేలు వంగదు. కావున నెత్తురు నిలిచిన పిమ్మట ప్రతి వ్రేలును విడిగా వంగుచున్నదో లేదో, కొనను తాకిన తెలియుచున్నదో లేదో చూడవలెను. ఏది లోపించినను చేతి శస్త్రవైద్యము నెరిగిన వైద్యుని చూడవలెను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1940ల చివర వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధిచే వంకరపోయిన చేతులకు, బాగుగానున్న స్నాయువులను మార్చి అమర్చి, పని నేర్పెను. 1965లో జపానునందు కొమాట్సు, తమాయి అను వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని సూక్ష్మదర్శిని సాయమున తిరిగి అతికిరి. వైతికుప్పమునకు కొలది మైళ్ళ దూరముననే, 1964లో ఆ పేరు పొందిన జిప్మర్‌లో, ప్లాస్టిక్ సర్జరీ విభాగము కలదు.

జాలరిపేటలో ఐసునకు కొదువ లేదు. చిక్కంతయు అచటనే! తెగిన వ్రేలిని చేపల ఐసుపెట్టెలో పడవేసినచో కణములు గడ్డకట్టి చచ్చును. నీటిలో నానవేసినను చెడును. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసునీటిపై నుంచి, రోగితోకూడ కొనిపోవలెను. గాయముపై శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చేతిని పైకెత్తి పట్టవలెను. సన్నని త్రాటితో బిగించి కట్టరాదు. వ్రేలిలో కండరము లేదు గనుక చల్లగా నుంచినచో కొన్ని గంటలు ఆలస్యమైనను ఆశ యుండును. ముంజేయి తెగినచో సుమారు ఆరు గంటలే గడువు.

చేపముల్లు గ్రుచ్చుకొని వ్రేలు వాచి, చాపబోయిన విపరీతముగా నొచ్చినచో అదియు ఆనాడే చూపింపవలసినదే. మధుమేహరోగులు ఒక్క పూటయు జాగు చేయరాదు.

కుట్టిన నాడి దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. మణికట్టునుండి వ్రేలికొనకు చేరుటకు ఆరు నెలలైనను పట్టును. అంతవరకు ఆ వ్రేలికి వేడిగిన్నె కాలినను తెలియదు. కన్నులతో చూచుకొనుచు పని చేయవలెను.