గుట్ట దిగే పాత యెజ్డీ

వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో అనంతగిరి గుట్టలు దిగేటప్పుడు, పాత యెజ్డీ నడపడం బాగా తెలిసినవారు మధ్యమధ్య యాక్సిలరేటరు కాస్త తిప్పుతారు. ఎందుకో ఊహించగలరా? అది టూ స్ట్రోక్ ఇంజను. దాని నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తారు. 1:25 పాళ్ళలో అయితే లీటరుకు 40 మిల్లీలీటర్లు. పెట్రోలు తగ్గిస్తే నూనె కూడా తగ్గినట్లే! గేరులో ఉన్న ఇంజను మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. నూనె అందని పిస్టన్ వేడెక్కి సిలిండరుకు పట్టేస్తే, వెనుక చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు వెంటనే క్లచ్ నొక్కాలి.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 వంటి ఫోర్ స్ట్రోక్ బళ్ళకు ఈ చిక్కు లేదు. వాటి నూనె ఇంజను అడుగున విడిగా ఉంటుంది. అయితే దాన్ని గడువుకు మార్చాలి, వాల్వుల సందు సరిచూడాలి. యెజ్డీకి అసలు వాల్వులే లేవు. దాని సైలెన్సరులో పేరుకున్న మసిని మాత్రం గోకుతుండాలి (అప్పుడు తెల్లచొక్కా వేసుకోకండి!).