వచ్చి పోయే మిస్సింగ్

అది పాత అంబాసిడర్ కారు. పెట్రోలు బండి. దానికి ఓనరూ డ్రైవరూ ఒక్కడే. ఊళ్ళో పెళ్ళయినా, రోగమొచ్చినా ఆ కారే దిక్కు.

ఒకనాటి రాత్రి నొప్పులు పడుతున్న ఒకామెను ఎక్కించుకుని అతను పట్నం బయలుదేరాడు. కాలవ గట్టు మీదికి వచ్చేసరికి ఇంజను కొట్టుకోవడం మొదలెట్టింది. టప్‌మంటుంది. కారు కుదుపుతుంది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు పోతుంది. ఎలాగో ఆసుపత్రికి చేరారు. కాని దిగేటప్పుడు ఆమె అత్తగారు, "బాబూ, ఇంకెప్పుడూ నీ కారెక్కం" అంది. ఆ మాట ఊరంతా పాకింది. రెండు వారాల్లో మూడు కిరాయిలు పోయాయి.

డబ్బు కూడా పోయింది. ఒకచోట ప్లగ్గులు మార్చారు. ఇంకోచోట కార్బొరేటరు విప్పి కడిగారు. మరోచోట పాయింట్లు, కండెన్సరు కొత్తవి వేశారు. మార్చిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు బాగున్నట్టే అనిపించేది. షెడ్డుకు తీసుకెళితే మాత్రం అస్సలు కొట్టదు! డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పిల్లాడి జ్వరం తగ్గినట్టు.

చివరికి ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు.

"ఎప్పుడు కొడుతోంది?" అని మేస్త్రీ అడిగాడు.

"ఎప్పుడు పడితే అప్పుడేనండి."

"అట్లా ఉండదు. దానికో వేళ ఉంటుంది. మూడు రోజులు చూసి రాసుకుని రా. అప్పటిదాకా స్పానరు ముట్టుకోను."

ఇంజను ఎలా నడుస్తుందో కొంచెం చూద్దాం. అంబాసిడరులో 4 సిలిండర్లు. ఒక్కోదానికి ఒక్కో ప్లగ్గు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి లోపలికి వస్తాయి. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. మంట అంటుకుని పిస్టన్‌ను కిందికి తోస్తుంది. రవ్వ రాకపోతే ఆ తోపు ఉండదు. దాన్నే మెకానిక్కులు మిస్సింగ్ అంటారు.

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. అంతటితో రవ్వ రాదు. కాయిల్ దాన్ని వేల వోల్టులు చేస్తుంది. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా కాయిల్ ఒక దెబ్బ కొడుతుంది. రోటరు తిరుగుతూ ఆ దెబ్బను 1, 3, 4, 2 వరసలో ప్లగ్గులకు పంచుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు కావాలి. వాటిలో నాలుగైదు తప్పినా సీట్లో కూర్చున్నవాళ్ళకు తెలిసిపోతుంది.

ఈ ఇంజను పుట్టిల్లు ఇంగ్లండు. 1955లో ఆబింగ్డన్ అనే ఊళ్ళో ఎం.జి.ఏ. అనే చిన్న స్పోర్ట్స్ కారు తయారైంది. అందులో ఉన్నదీ ఇదే కుటుంబం ఇంజను, 1489 సి.సి. 1962లో దాని తరవాత ఎం.జి.బి. వచ్చింది. దానికి ఇంజను ఇంకాస్త పెద్దది. పరుగు పందేల బండి అయినా, పెళ్ళి కిరాయిల బండి అయినా జబ్బులు మాత్రం ఒకటే. ఎం.జి.బి.లలో చాలావాటికి ఇంజను చుట్లు చూపే కరెంటు ముల్లు ఉంటుంది. మిస్సింగ్ కొట్టిన క్షణాన ఆ ముల్లు టక్కున కిందికి పడిందంటే లోపం 12 వోల్టుల దారిలో ఉందన్నమాట. అంబాసిడరుకు ఆ ముల్లు లేదు. కాబట్టి చెవి, కాలు, కాగితమే ఆధారం.

బండి నడుపుతూ రాయడం కుదరదు కదా! డ్రైవరు భార్య ముందు సీట్లో కూర్చుంది. ఆమె ఈమధ్యనే రాయడం నేర్చుకుంది. ఆమె పుస్తకంలో ఇలా ఉంది:

సోమవారం పొద్దున. ఇంజను చల్లగా ఉంది. వంతెన ఎక్కేటప్పుడు కొట్టింది.

సోమవారం మధ్యానం. ఇంజను వేడి. తిన్నగా పోతే కొట్టలేదు. బస్సును దాటబోతే కొట్టింది.

మంగళవారం. పెద్ద వాన. తిన్నగా పోయాం. కొట్టలేదు.

బుధవారం. కాలు తీసి మళ్ళీ తొక్కితే కొట్టింది. మూడుసార్లు.

మేస్త్రీ రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంజను వేడెక్కాకే కొడితే కాయిల్ మీదో కండెన్సరు మీదో అనుమానపడాలి. ఇది చల్లగా ఉన్నా కొడుతోంది. వానకు, మంచుకు కొడితే డిస్ట్రిబ్యూటరు మూత పగిలిందేమో, ప్లగ్గు వైర్లు కారుతున్నాయేమో చూడాలి. చీకట్లో బానెట్ ఎత్తితే నీలం రవ్వలు కనబడతాయి కూడా. ఇది వానలో కొట్టలేదు. పెట్రోలు అందకపోతే ఇంజను మెల్లగా నీరసించి ఆగుతుంది. ఇదేమో స్విచ్చి ఆపి వేసినట్టు తెగుతోంది.

మిగిలింది ఒక్కటే. కాలు కదిలినప్పుడు కొడుతోంది. అంటే లోపల ఏదో కదులుతోంది!

డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు కూర్చున్న పళ్ళెం ఒకటి ఉంటుంది. కార్బొరేటరు నుంచి సన్నటి గొట్టం వస్తుంది. ఆ గొట్టంలో పీల్పును బట్టి పళ్ళెం కొంచెం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. యాక్సిలేటరు తొక్కినా వదిలినా పీల్పు మారుతుంది. బండి నిలబెట్టి మెల్లగా ఆడిస్తే మాత్రం పళ్ళెం దాదాపు కదలదు. షెడ్డులో జబ్బు దొరకనిది అందుకే. మూడు షెడ్ల వాళ్ళనూ తప్పు పట్టలేం. కాకపోతే వాళ్ళెవరూ ఎప్పుడు కొడుతోందని అడగలేదు.

మేస్త్రీ గేరు న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండు బ్రేకు వేయించి ఇంజను ఆడించాడు. కార్బొరేటరు దగ్గర గొట్టం ఊడదీసి, ఇంకో రబ్బరు గొట్టం తగిలించి నోటితో పీల్చాడు. టప్! వదిలాడు. ఇంజను నిమ్మళించింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ టప్!

"దొరికిందయ్యా దొంగ" అన్నాడు.

ఇంజను ఆపి మూత తీశాడు. పాయింట్లకు వెళ్ళే చిన్న వైరు ఉంది. పైకి నున్నగా, నల్లగా బాగానే ఉంది. రెండు వేళ్ళతో మెల్లగా లాగాడు. రబ్బరులా సాగింది! మంచి వైరు సాగదు. లోపల రాగి పోగులు తెగిపోయాయి. పళ్ళెం ఒక పక్కకు జరిగితే కొసలు తగులుతున్నాయి, ఇంకో పక్కకు జరిగితే విడిపోతున్నాయి. పై తొడుగు మాత్రం అలాగే ఉంది.

జానెడు కూడా లేని వైరు. ఇంట్లో బల్బుకు వాడే బిరుసు వైరు ఇక్కడ వేయకూడదు. కదిలీ కదిలీ అదీ తొందరగా విరుగుతుంది. సన్నటి పోగులు చాలా ఉన్న మెత్తటి వైరే వేయాలి. మేస్త్రీ అదే వేసి, పాయింట్ల సందు కూడా కొలిచాడు. అర మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ, సరిగ్గానే ఉంది. కొత్తగా వేసిన ప్లగ్గులను, కండెన్సరును ముట్టుకోలేదు. తీసేసిన పాతవి పారేయొద్దని, బాగున్నవి డిక్కీలో దాచుకోమని డ్రైవరుకు చెప్పాడు.

ఒక జాగ్రత్త. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లను వట్టి చేత్తో పట్టుకోవద్దు. గట్టిగా షాకు కొడుతుంది. పెట్రోలు వాసన వస్తుంటే రవ్వ పరీక్షలేవీ చేయవద్దు.

పుస్తకంలో ఆమె తరవాత రాసిన మాటలు ఇవి: గురువారం. వంతెన ఎక్కాం. బస్సును దాటాం. కొట్టలేదు.

మీరే చెప్పండి: వాన పడిన రోజే కొట్టే బండి మీ దగ్గరకు వస్తే ముందు ఏమి చూస్తారు? ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు. మరి 1500 చుట్లకు ఎన్ని?