తలుపు తట్టి ఒప్పుకోవడం

చెల్లాయిలూ, ఈ నెల మీతో కెనడా ముచ్చటొకటి చెప్పుకోవాలి. ఒంటారియోలో ఎల్‌మైరా అని చిన్న ఊరు. 1974లో ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు తాగిన మైకంలో వీధులమీద పడ్డారు. కారు టైర్లు కోశారు, కిటికీ అద్దాలు పగలగొట్టారు. తెల్లారేసరికి 22 చోట్ల నష్టం. పట్టుబడి, కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

అప్పుడు ప్రొబేషన్ ఆఫీసరు జడ్జిగారికి ఒక మాట విన్నవించాడు: వీళ్లని ఆ ఇళ్లవాళ్ల దగ్గరికే పంపితే? జడ్జిగారు మొదట తటపటాయించినా చివరికి సరేనన్నారు.

ఒక్కసారి ఊహించుకోండమ్మా. గుమ్మంలో నిలబడి, తలుపు తీసినావిడ మొహంలోకి చూస్తూ "మీ అద్దం పగలగొట్టింది నేనేనండీ" అనాలి. పక్కింటికెళ్లి మళ్లీ అదే మాట. ఆ పిల్లలు అలా ఇల్లిల్లూ తిరిగారు. తర్వాత బీమా రానివాళ్లకి డబ్బు కూడా కట్టారు. జైల్లో కూర్చున్నవాడికి ఎవరి కళ్లలోకీ చూడాల్సిన అవసరం ఉండదు. నన్నడిగితే ఇలా గుమ్మంలో నిలబడి ఒప్పుకోవడమే పెద్ద శిక్ష. మరి నష్టపోయినవాళ్ల సంగతో? "మా ఇల్లే ఎందుకు? మామీద కక్షా?" అన్న భయానికి జవాబు కోర్టు కాగితాల్లో దొరకదు, చేసినవాడి నోట్లోనే ఉంటుంది.

న్యూజిలాండ్‌లో 1989 నుంచి పిల్లల నేరాలకి ఇలాంటి పద్ధతి చట్టంలోనే ఉంది. అక్కడి మూలవాసులైన మావోరీల ఆచారం దానికి ఊపిరి. అమ్మమ్మలు, మేనమామలు, దెబ్బతిన్నవాళ్లు, పోలీసులు ఒకచోట కూర్చుంటారు. ఆ తర్వాత కుటుంబాన్ని కాసేపు ఒంటరిగా వదిలేస్తారు, దిద్దుకునే దారి వాళ్లే చెప్పాలని.

మన పెద్దమనుషుల పంచాయితీలు గుర్తొచ్చాయా? నాకూ వచ్చాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను. మొగుడు కొట్టాడని పుట్టింటికొచ్చిన పిల్లతో "సర్దుకుపో తల్లీ" అనడం దయ కాదు, పరువు కోసం ఆమె నోరు నొక్కడం. దెబ్బతిన్న మనిషికి ఇష్టం లేకపోతే ఎదురుగా కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే తోడు వెళ్లండి.

కానీ మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరి పిల్లాడో స్కూటర్ సీటు కోశాడనుకోండి. వాడి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. స్కూటర్ ఆవిడ సరేనంటే, వాణ్నీ వాళ్లమ్మనీ ఆమె దగ్గర కూర్చోబెట్టండి. ముందు ఆవిణ్ని మాట్లాడనివ్వండి, మధ్యలో ఎవరూ అడ్డుపడొద్దు. కొత్త సీటుకయ్యే ఖర్చులో తన వంతు ఎంతో, ఏం చేసి తీరుస్తాడో వాడి నోటితోనే చెప్పించండి.