రేకులో లోపానికి మూలం కొలిమిలో



మెటలర్జీ డిప్లొమా అయిపోయిందనీ, రోలింగ్ మిల్లులో ట్రెయినీగా చేరబోతున్నాననీ రాశావు. చాలా సంతోషం తల్లీ. మిల్లు దగ్గర కొత్తవాళ్ల కళ్లు రోల్స్ మీదే ఉంటాయి. అంత మందం స్లాబు అటూ ఇటూ తిరిగి పల్చటి రేకై సాగుతుంటే చూపు తిప్పుకోవడం కష్టమే. కానీ నీకు ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. అలల్లా లేచిన అంచులు, రోల్ మచ్చలు, నూనె మరకలు, మందంలో తేడాలు మిల్లువే. అవి సరిదిద్దుకోవచ్చు. రేకును తుక్కులో పారేయించే లోపాలు మాత్రం చాలావరకు లోహాన్ని కరిగించేచోటే పుడతాయి. మిల్లు వాటిని సాగదీసి బయటపెడుతుంది, అంతే.

అల్యూమినియం సంగతే చూడు. రోలింగ్‌లో రేకు చక్కగా వస్తుంది. ఎనీలింగ్ ఫర్నేసులో పెట్టి తీస్తే ఒళ్లంతా బొబ్బలు. అందరూ ఎనీలింగ్ చేసినవాణ్ణి నిలదీస్తారు. ఆ బొబ్బల్లో ఉన్నది హైడ్రోజన్. కరిగిన అల్యూమినియంకి తేమ తగిలితే అందులోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, మిగిలిన హైడ్రోజన్ లోహంలో కరిగిపోతుంది. లోహం గడ్డకట్టేటప్పుడు ఆ వాయువును ఇముడ్చుకునే శక్తి ఇంచుమించు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. బయటికి పోలేని వాయువు సన్నటి రంధ్రాలుగా లోపలే ఉండిపోతుంది. రోల్స్ కింద ఆ రంధ్రాలు నలిగి పొరలవుతాయి, మళ్లీ వేడి తగలగానే ఉబ్బుతాయి. అందుకే పోతకు ముందు కరిగిన లోహంలోకి ఆర్గాన్ పంపి హైడ్రోజన్‌ను తీసేస్తారు.

తేమతో ఇంకో ప్రమాదం ఉంది, అది ప్రాణాల మీదికి వచ్చేది. తడి తుక్కు కరిగిన లోహంలో మునిగితే నీరు క్షణంలో ఆవిరై పేలుతుంది. వానాకాలంలో తుక్కు ఆరిందో లేదో చూడకుండా ఫర్నేసులో వెయ్యమని ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా ఒప్పుకోకు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఇత్తడిలోనూ అంతా కొలిమిలో కలిపిన పాళ్ల మీదే ఉంటుంది. జింకు 30 శాతం ఉంటే చల్లగానే హాయిగా సాగుతుంది. తూటాల గొట్టాలు చేసేది ఆ ఇత్తడితోనే. జింకు 40 శాతం దగ్గరికి వెళితే లోపలి నిర్మాణమే మారిపోతుంది. అప్పుడు వేడి మీదే మాట వింటుంది, చల్లగా నొక్కితే అంచులు చిట్లుతాయి. కాస్త సీసం కలిపితే లేత్ మీద బాగా తెగుతుంది గానీ, 70-30 ఇత్తడిని వేడిగా రోల్ చేసేటప్పుడు అదే సీసం పగుళ్లు తెస్తుంది. పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకును కొట్టగా కొట్టగా అది బిగుసుకుంటే, కాల్చి మెత్తబరిచి మళ్లీ సుత్తి పడతారు. నువ్వు పుస్తకంలో చదివిన ఎనీలింగ్ అదే. అయితే పాళ్లు తప్పిన ఇత్తడిని ఎంత కాల్చినా బాగుచెయ్యలేం.

మన హైదరాబాదులో ఈ విద్య చాలా దూరం వెళ్లింది. 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, 1973లో కంచన్‌బాగ్‌లో మిశ్ర ధాతు నిగమ్ ఏర్పడ్డాయి. మొదటిదాంట్లో ముఖ్యమైన లోహం జిర్కోనియం. సముద్రపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి దాన్ని తీస్తారు. దాంతోపాటు కొద్ది శాతం హాఫ్నియం కలిసే వస్తుంది. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపు అడ్డుకోకుండా పోనిస్తుంది, హాఫ్నియం మింగేస్తుంది. ఇంధనపు గొట్టాలను పిల్గర్ మిల్లులో, లోపల మాండ్రెల్ పెట్టి, గాడి రోల్స్ ముందుకూ వెనక్కూ కదులుతుండగా సాగదీస్తారు. గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. హాఫ్నియం మిగిలిపోతే అంత నేర్పుతో చేసిన గొట్టం కూడా రియాక్టరుకు పనికిరాదు.

మిశ్ర ధాతు నిగమ్‌లో చేసే టైటానియం మరో రకం. కరిగిన టైటానియం ఏ మామూలు మూసనైనా తినేస్తుంది. అందుకని శూన్యంలో విద్యుత్ ఆర్క్‌తో, నీళ్లతో చల్లబరిచే రాగి మూసలో కరిగిస్తారు. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది, టైటానియం 1668 డిగ్రీలకు. అయినా వెనక నీరు పారుతుంటే ఆ మూస నిలుస్తుంది. ఈ ఏర్పాటు నాకు ఇప్పటికీ అద్భుతంగానే తోస్తుంది.

అంత జాగ్రత్త ఎందుకంటే, 1989 జూలైలో అమెరికాలోని సూ సిటీలో ఒక డీసీ-10 విమానం కూలి వందమందికి పైగా చనిపోయారు. తోక ఇంజన్‌లోని టైటానియం ఫ్యాన్ డిస్క్ గాలిలోనే పగిలింది. 1970ల మొదట్లో లోహాన్ని కరిగించినప్పుడు నైట్రోజన్ చేరి గట్టిపడిన ఒక చిన్న చోట పగులు మొదలైందని దర్యాప్తులో తేలింది. ఆ పగులు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది, తనిఖీలో కూడా దొరకలేదు. ఆ డిస్క్ లోహాన్ని శూన్యంలో రెండుసార్లే కరిగించారు. తర్వాత ఇలాంటి భాగాలకు మూడుసార్లు కరిగించే పద్ధతి వచ్చింది.

కాబట్టి చేరగానే నిన్ను మిల్లు మీద వేస్తామంటే, ముందు కొన్ని నెలలు మెల్టింగ్ షాపులో ఉంచమని అడుగు. మిల్లుకి వచ్చాక, రిజెక్టయిన ప్రతి రేకు హీట్ నంబరు, అంటే కరిగించిన విడత నంబరు, పట్టుకుని కొలిమి లాగ్ షీటు దాకా వెళ్లు. ఏ తుక్కు వేశారు, ఆర్గాన్ ఎంతసేపు పంపారు, ఏ వేడి దగ్గర పోశారు, అన్నీ చదివిన తర్వాతే ఆపరేటరును ప్రశ్నించు. అలా నువ్వు కారణం కనిపెట్టిన మొదటి రేకు గురించి నాకు వివరంగా ఉత్తరం రాయి.

మీ తాతయ్య